తలనొప్పి మాత్రకు ముందు కంటి పరీక్ష



బుడ్డల రేటు మీద రాయమని చాలామంది అడిగినారు. అది తర్వాత రాస్తా. ఈ రోజు మన ఊర్లల్లో ఇంటికొకరికి ఉండే తలకాయ నొప్పి గురించి రాస్తున్నా. కొంచెం పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి. అక్షరాలు మసగ్గా ఉండి ఫోను మూరెడు దూరం జరిపి చదువుతున్నారా? అయితే ఈ పోస్టు మీ కోసమే.

ఏ ఊర్లోనైనా చిల్లర అంగడికి పోయి చూడండి. బీడీలు, సబ్బుల పక్కన తలనొప్పి మాత్రలు, బాం డబ్బాలు తప్పకుండా ఉంటాయి. అడిగేవాళ్లు ఉండబట్టే కదా అంగడాయన తెచ్చి పెట్టేది. సాయంత్రం చేను నుంచి వచ్చి, కణతలకు బాం రుద్దుకొని, తలకు గుడ్డ బిగించి కట్టుకొని పండుకునేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. "ఏమి పెద్దమ్మా?" అంటే "ఏముంది నాయనా, ఎండకు తిరిగితిమి, తలకాయ పగిలిపోతాంది" అంటారు. ఎండ మీద, గాలి మీద, దిష్టి మీద, కోడలి మీద, అన్నిటి మీదా నెపం పెడతాం. కండ్ల మీద మాత్రం ఎవరికీ అనుమానం రాదు.

నేను చెప్పేది ఒకటే. పదే పదే వచ్చే తలనొప్పికి పదకొండో మాత్ర మింగే ముందు, ఒకసారి కండ్లు చూపించుకోవాల. అన్ని తలనొప్పులూ కండ్ల వల్ల రావు, అది కూడా కింద రాస్తా. కానీ మనం చేసే పనులు చూస్తే, మన వయసులు చూస్తే, కండ్లను పక్కన పెట్టి తలకాయకే వైద్యం చేసుకోవడం తప్పు.

ముందు మన పనులు చూడండి. వ్యవసాయమంటే దూరం చూసే పని, కండ్లకు శ్రమ లేదు అనుకుంటాం. నంద్యాల, ఆళ్లగడ్డ, కోయిలకుంట్ల, ఎమ్మిగనూరు దిక్కున విత్తన పత్తి వేసినవాళ్లను అడగండి. క్రాసింగ్ పని ఎట్లుంటాది? సాయంత్రం పూట మొగ్గను విప్పి, లోపల ఉండే పుప్పొడి కాడలన్నీ గోటితో గిల్లి తీసేయాల. మరుసటి రోజు పొద్దున మగ పువ్వు తెచ్చి దాని మీద రుద్దాల. ఒక్కో మనిషి రోజుకు వందల మొగ్గలు చూస్తుంది. ఒకటి రెండు కాడలు కంటికి ఆనక మిగిలిపోతే ఆ కాయ సొంతంగా కట్టుకుంటాది. కంపెనీవాళ్లు విత్తనం స్వచ్ఛత పరీక్ష చేసినప్పుడు లాటు తప్పితే ఆ నష్టం రైతు నెత్తిన పడుతుంది. కూలి చేసే అక్క చూపు మీద రైతు ఏడాది కష్టం ఆధారపడి ఉంది. ఆ అక్కకు నలభై రెండేళ్లు ఉండి, దగ్గరి చూపు మందగించి, రోజూ మాపటికి తల నొస్తుంటే ఎవరు పట్టించుకున్నారు?

ముంగారు విత్తనానికి ముందు బుడ్డలు ఒలిచి, పుచ్చులు, ముక్కలు, ముడతగింజలు ఏరేది కూడా దగ్గరి చూపు పనే. బియ్యంలో రాళ్లు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం అంతే. ఎమ్మిగనూరు, జమ్మలమడుగు, మాధవరం దిక్కు మగ్గం నేసే మన అన్నదమ్ములకైతే తెగిన పోగు వెతికి అతకడమే బతుకు. మగవాళ్లం మనం చేసేది కూడా తక్కువేం కాదు. పురుగుమందు డబ్బా మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసిన మోతాదు చదవాల. ఆకు తిప్పి తామర పురుగు, తెల్లదోమ ఉందా లేదా చూడాల. మోటారు స్టార్టరులో వైరు బిగించాల. రాత్రి కరెంటు వస్తే టార్చి వెలుతురులో గేటు వాల్వు తిప్పాల. ఇవన్నీ అయినాక ఇంటికొచ్చి, లైటు ఆర్పేసిన రూములో ఫోను చూస్తూ పండుకోవడం ఈ మధ్య తోడైంది.

ఇప్పుడు కన్నుకు, తలకు సంబంధం ఏందో చూద్దాం. కంటి లోపల చిన్న కటకం ఉంటుంది. దాని చుట్టూ సన్నని కండరం ఉంటుంది. దగ్గరి వస్తువు చూసినప్పుడల్లా ఆ కండరం బిగుసుకుంటే కటకం ఉబ్బెత్తుగా అయ్యి చూపు కుదురుతుంది. చిన్న వయసులో కటకం మెత్తగా ఉంటుంది కాబట్టి ఆ పని తెలియకుండానే జరిగిపోతుంది. నలభై దగ్గర పడేసరికి కటకం గట్టిపడుతుంది. పదునున్న చేన్లో ఎద్దులు మడకను అలవోకగా లాగుతాయి. అదే పదును ఆరిపోయిన రేగడిలో ఆ మడకకే ఎద్దుల మెడలు కమిలిపోతాయి. కంటి కండరం పరిస్థితి కూడా అదే. గంటల తరబడి బలవంతంగా చూపు కుదుర్చుకుంటూ, కండ్లు చిన్నవి చేసి, నుదురు ముడిచి, మెడ ముందుకు చాచి పని చేస్తే, సాయంత్రానికి కనుబొమ్మల పైన, నుదుట్లో, కంటి గుంతల్లో నొప్పి మొదలవుతుంది. మెడ కండరాలు కూడా పట్టేసి నొప్పి వెనక్కు పాకుతుంది.

దీన్నే చత్వారం అంటాం. చత్వారం అనేది నలభై అనే మాటలోంచి పుట్టిందే. ఇది రోగం కాదు, వెంట్రుకలు నెరిసినట్లు అందరికీ వచ్చేదే. ఆకుకూరలు, క్యారెట్ తింటే కంటికి మంచిదే గానీ వాటితో చత్వారం పోదు. దానికి మందు దగ్గరి చూపు అద్దాలు.

పిల్లల్లో ఇంకో రకం ఉంది. కొందరు పిల్లలకు పుట్టుకతోనే కన్ను కొంచెం పొట్టిగా ఉంటుంది. వాళ్లకు బోర్డు బాగానే కనిపిస్తుంది, పుస్తకం కూడా కనిపిస్తుంది. కానీ రెండింటికీ కండరం అదనంగా కష్టపడుతుంటుంది. బడి నుంచి వచ్చి హోంవర్కుకు కూర్చుంటే అరగంటకు "తల నొస్తాంది అమ్మా" అంటారు. మనం "చదువు ఎగ్గొట్టేకి నాటకాలు" అని ఒకటి తగిలిస్తాం. అట్లాగే కంటి ముందు పొర వంపు సమంగా లేక గీతలు, అక్షరాలు వంకరగా, నీడలు పడినట్లు కనిపించే లోపం కూడా ఉంది. పిల్లలు దాన్ని చెప్పలేరు, ఎందుకంటే లోకం అందరికీ అట్లే కనిపిస్తుందని వాళ్లు అనుకుంటారు. నెలలో నాలుగుసార్లు తలనొప్పి అనే పిల్లోడిని కొట్టే ముందు కంటి పరీక్ష చేయించండి.

మరి నొప్పి కండ్ల వల్లనా కాదా అని ఇంట్లో ఎట్లా పసిగట్టాల? గురుతులు కొన్ని ఉన్నాయి. పొద్దున లేచేసరికి తల తేలిగ్గా ఉంటుంది. దగ్గరి పని మొదలుపెట్టినాక గంట రెండు గంటలకు నొప్పి వస్తుంది. పని ఆపి కండ్లు మూసుకొని కొంచెంసేపు కూర్చుంటే తగ్గుతుంది. పని లేని రోజు రాదు. దాంతోపాటు కండ్లు మంట, నీళ్లు కారడం, అక్షరాలు మసకబారడం ఉంటాయి. ఇట్లుంటే కండ్ల మీద అనుమానం పెట్టుకోవచ్చు.

ఇంకో దిక్కు కూడా చెప్పాల. కొందరు అద్దాల షాపులవాళ్లు వచ్చిన ప్రతి తలనొప్పికీ అద్దాలే మందు అన్నట్లు మాట్లాడతారు. అది నిజం కాదు. ఒకవైపే తల దడదడమని కొట్టుకుంటూ, వెలుతురు, శబ్దం భరించలేక, వాంతి వచ్చినట్లుంటే అది మైగ్రేన్ కావచ్చు. దాన్నే మనవాళ్లు ఒంటితల నొప్పి అంటారు. దానికి అద్దాలు పెట్టినా పోదు, వేరే వైద్యం ఉంది. మన ఎండలు వేసవిలో 43, 44 డిగ్రీలు దాటుతాయి. పొద్దున చెంబు నీళ్లు తాగి మధ్యాహ్నం దాకా కలుపు తీస్తే తల నొయ్యక ఏమవుతుంది? దానికి మందు నీళ్లు, మజ్జిగ, నెత్తిన రుమాల. షుగరు ఉన్నవాళ్లకు షుగరు ఎక్కువ తక్కువలయితే చూపు మసకబారుతుంది. వాళ్లు అద్దాలు మార్చుకునే ముందు షుగరు చూపించుకోవాల.

మందు కొట్టిన రోజు తలనొప్పి వస్తే అది వేరే లెక్క. మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ లాంటి మందులు ఒంటికి అంటినా, పీల్చినా తలనొప్పి, కండ్లు మసకలు, చెమటలు, నోట్లో ఎంగిలి ఊరడం, వాంతులు వస్తాయి. కంటి పాప సూది మొనంత అవుతుంది. అప్పుడు బాం రాసుకొని పండుకోవడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. గుడ్డలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, మందు డబ్బా చేత్తో పట్టుకొని 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవాల.

అట్లే, కన్ను ఎర్రబడి గట్టిగా నొస్తూ, లైటు చుట్టూ రంగుల వలయాలు కనిపించి, తలనొప్పితో వాంతులయితే అది నీటికాసుల్లో ఒక రకం కావచ్చు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోకపోతే చూపు మిగలకపోవచ్చు. ఉన్నట్టుండి పిడుగు పడినట్లు వచ్చే నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకునే నొప్పి, కాలు చెయ్యి పడిపోతూ మాట తడబడుతూ వచ్చే నొప్పి, తలకు దెబ్బ తగిలినాక వచ్చే నొప్పి, ఇవన్నీ పెద్దాసుపత్రి కేసులు. వీటిల్లో ఇంట్లో ప్రయోగాలు వద్దు.

"ఇన్ని కారణాలుంటే కంటి పరీక్ష ఎందుకు ముందు?" అని అడుగుతారు. ఎందుకంటే అది సులభం, ఖర్చు తక్కువ, సూది లేదు, కోత లేదు. లోపం ఉంటే దొరుకుతుంది. లేకపోతే ఒక కారణం తీసేసి, తర్వాతిది వెతకొచ్చు. బీపీ కూడా అదే రోజు చూపించుకోండి. మాత్ర అట్లా కాదు. అది కారణం చెప్పదు, దాచిపెడుతుంది. పైగా నెలలో పదిహేను రోజులు నొప్పి మాత్రలు మింగుతూ నెలలు గడిపితే ఆ మాత్రల వల్లనే తలనొప్పి వచ్చే పరిస్థితి ఉంటుందని వైద్యులు ఎప్పటినుంచో చెప్తున్నారు. కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ వేరే. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే కంటి చుక్కలు కూడా జాగ్రత్త. వాటిల్లో స్టెరాయిడ్ ఉంటే, డాక్టరు చెప్పకుండా నెలల తరబడి వేసుకుంటే కంటి లోపలి ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మన దగ్గర కంటి పరీక్షలు జరగలేదా అంటే జరిగినాయి. దేశంలో అంధత్వ నివారణ కార్యక్రమం 1976 నుంచే ఉంది. మన రాష్ట్రంలో కంటి వెలుగు 2019 అక్టోబర్ 10న అనంతపురంలో మొదలైంది. ముందు బడి పిల్లలకు చేసినారు. 2020 ఫిబ్రవరి 18న మన కర్నూలులోనే అరవై దాటిన అవ్వాతాతల కోసం ఇంకో విడత మొదలుపెట్టినారు. ఆ తర్వాత నెల తిరిగేసరికి కరోనా, లాక్‌డౌన్. పిల్లలకు, ముసలోళ్లకు ముందు చేయడం తప్పని నేను అనను. కానీ లెక్క చూడండి. పిల్లోడు ఒక దిక్కు, అవ్వ ఒక దిక్కు. మధ్యలో నలభై నుంచి అరవై దాకా ఉండే మనిషి ఏడీ? మడక పట్టేది, మందు కొట్టేది, క్రాసింగ్ చేసేది, మగ్గం నేసేది, బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టేది ఆ మనిషే. చత్వారం వచ్చేది కూడా ఆ వయసులోనే. మన ఇండ్లకు గుంజలాంటి వయసు అది.

తుంగభద్ర దాటితే తెలంగాణలో కంటి వెలుగు 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, 2023 జనవరి 18న ఖమ్మంలో రెండో విడత. అక్కడ ఊరూరికి క్యాంపు తెచ్చి, నడి వయసు వాళ్లకు కూడా పరీక్ష చేసి, దగ్గరి చూపు అద్దాలు అక్కడికక్కడే చేతిలో పెట్టినారు. ఏ పార్టీ చేసింది అనేది నాకు అనవసరం. చేయడానికి వీలవుతుంది అనేది తేలిపోయింది కదా, అది ముఖ్యం.

ఇంకా పాత లెక్క ఒకటి ఉంది. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు 1996 నుంచి 2000 దాకా ఉమ్మడి రాష్ట్రంలో నాలుగు చోట్ల 10,293 మందిని పరీక్ష చేసినారు. అందులో మన పక్కనున్న పాలమూరు జిల్లా కూడా ఉంది. చూపు తగ్గినవాళ్లలో ఎక్కువమందికి కారణం రెండే: శుక్లం, అద్దాలతో సరిపోయే లోపం. రెండూ బాగు చేయగలిగినవే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన నివేదికలో చత్వారానికి అద్దాలు అందక దగ్గరి చూపుకు ఇబ్బంది పడేవాళ్లు ప్రపంచంలో 82 కోట్లకు పైనే అని రాసినారు.

"అద్దాలు పెట్టుకుంటే కూలి పెరుగుతుందా?" అనేవాళ్లకు అస్సాం సంగతి చెప్తా. అక్కడ టీ తోటల్లో ఆకు కోసే నలభై దాటిన 751 మందిని రెండు గుంపులు చేసినారు. ఒక గుంపుకు దగ్గరి చూపు అద్దాలు ఇచ్చినారు, రెండో గుంపుకు పరిశోధన అయిపోయినాక ఇచ్చినారు. 2018లో ఆ ఫలితం అచ్చయింది. అద్దాలు పెట్టుకున్న గుంపు పని రెండో గుంపు కంటే సుమారు 22 శాతం ఎక్కువ పెరిగింది. టీ ఆకు కోసే వేలికి, పత్తి మొగ్గ గిల్లే వేలికి పెద్ద తేడా లేదు. మనం గుంటకకు, గొర్రుకు, స్ప్రేయరుకు ఖర్చు పెడతాం. అద్దాలను కూడా ఆ పనిముట్ల పక్కన పెట్టి చూడండి. బస్టాండు దగ్గర రెండొందలకు దొరికే వస్తువును షోకు అనుకొని పక్కన పెట్టి, సంవత్సరమంతా మాత్రలకు, బాంకు, సూదులకు ఎంత పోస్తున్నారో మీరే లెక్క వేసుకోండి.

బస్టాండు అద్దాలు మంచివేనా అని అడుగుతారు. రెండు కండ్లకూ దూరపు చూపు బాగుండి, కేవలం చత్వారమే ఉంటే రెడీమేడ్ అద్దాలతో పని జరుగుతుంది. కానీ ముందు ఒకసారి పరీక్ష చేయించుకొని నంబరు తెలుసుకొని కొనండి. పరీక్షలోనే శుక్లం, నీటికాసులు, షుగరు వల్ల వచ్చే దెబ్బ కూడా బయటపడతాయి. అద్దాల అంగట్లో అవి బయటపడవు. కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, కడపలో రిమ్స్ ఉంది. అంత దూరం పోలేకపోతే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కంటి పరీక్ష చేసే ఆయన ఏ రోజు వస్తాడో ఆశా అక్కను అడగండి.

మన దగ్గర ఇంకో జబ్బు ఉంది, సిగ్గు. చేన్లో అద్దాలు పెట్టుకుంటే "ఏమప్పా, కలెక్టరు అయినావా?" అని ఎగతాళి చేస్తాం. ఆడపిల్లకు అద్దాలు పెడితే పెండ్లి కాదని దాచిపెడతాం. ఆ పిల్ల తలనొప్పితో చదువు వెనకబడితే మాత్రం "చదువు అబ్బలేదు" అని పనికి పంపిస్తాం. ఎగతాళి చేసే నోరు మనదే, దాన్ని మూసుకోవడానికి ప్రభుత్వం అవసరం లేదు.

ఈ ముంగారు లోపల మనం చేయగలిగినవి చెప్తా. ప్రతి ఊర్లో నలభై నుంచి అరవై మధ్య వయసువాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. క్రాసింగ్ కూలీలు, మగ్గం నేసేవాళ్లు, మందు కొట్టేవాళ్లు ముందు వరసలో ఉండాల. ఆ కాగితం తీసుకొని సర్పంచి, ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి పదిమంది పోయి, రైతు సేవా కేంద్రంలోనే ఒక రోజు కంటి క్యాంపు పెట్టమని అడగండి. విత్తనాల కోసం ఎట్లా అందరూ అక్కడికి వస్తారు కదా. విత్తన పత్తి చేయించే రైతన్నలు కూడా ఆలోచించాల. కూలికి వచ్చే అక్కల కండ్లు ఒకసారి చూపిస్తే మీ లాటుకే మంచిది. కంపెనీ ఆర్గనైజర్లను కూడా అడగండి, అడిగితే పోయేదేముంది?

ఇంట్లో అయితే ఈ నాలుగు పాటించండి. దగ్గరి పని వెలుతురులో చేయండి, పొద్దు గూకినాక గుడ్డి దీపం కింద విత్తనం ఏరొద్దు. ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి దూరంగా ఉన్న చెట్టునో గుట్టనో కొంచెంసేపు చూడండి, కండరం వదులవుతుంది. చీకట్లో ఫోను చూడొద్దు, చూసేటప్పుడు రెప్పలు కొట్టడం మరిచిపోవద్దు. తలనొప్పి ఏ రోజు, ఏ పని చేస్తే, ఏ పొద్దుకు వచ్చిందో క్యాలెండరు మీద గీత పెట్టండి. డాక్టరుకు అది చూపిస్తే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది.

చేన్లో ఆకు ముడుచుకుంటే తిప్పి చూసి, పురుగా, నీటి ఎద్దడా, జింకు లోపమా అని మూడుసార్లు అడిగి గానీ మందు కొట్టం. మన తలకాయకు ఆ మాత్రం విచారణ దక్కకూడదా? మీ ఊర్లో క్యాంపు అడిగితే ఏమన్నారో కింద రాయండి. నలుగురికి తెలిస్తే ఇంకో నాలుగు ఊర్లు అడుగుతాయి.